అమెరికా అశ్విక దళ అధికారి ఉద్యోగ చరిత్రను రికార్డుల నుంచి రాబట్టడం ఎలా?

పేరు ముందు ‘జనరల్’ అని కనిపించగానే అదే హోదా అని రాసేయకండి. 19వ శతాబ్దపు అమెరికా సైన్యంలో ఒకే మనిషికి ఒకే రోజున మూడు హోదాలు ఉండొచ్చు. శాశ్వత సైన్యమైన రెగ్యులర్ ఆర్మీలో ఒకటి, అంతర్యుద్ధం కోసం కూర్చిన వాలంటీర్ దళాల్లో ఇంకొకటి, శౌర్యానికో సేవకో గౌరవంగా ఇచ్చిన బ్రెవెట్ హోదా మరొకటి. జీవిత చరిత్రల్లో దొర్లే తప్పుల్లో చాలావాటికి ఈ మూడింటినీ కలిపేయడమే కారణం.

అందుకే ముందు ఐదు నిలువు గడుల పట్టిక గీయండి: తేదీ, రెగ్యులర్ హోదా, వాలంటీర్ హోదా, బ్రెవెట్, ఆ రోజు మనిషి నిజంగా ఉన్న చోటు. రెగ్యులర్ గడిలో రెజిమెంటు, అందులోని కంపెనీ కూడా ఉండాలి. చివరి గడి నిండడానికే ఎక్కువ శ్రమ పడాలి, కథకు ప్రాణం కూడా అక్కడే ఉంది.

ఉదాహరణకు అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడిన అశ్విక దళ అధికారి జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్ పట్టిక చూడండి. 1863 జూన్ 29న, 23 ఏళ్లకే, వాలంటీర్లలో బ్రిగేడియర్ జనరల్. అదే తేదీకి రెగ్యులర్ గడిలో రాయాల్సింది 5వ కావల్రీ (అశ్విక రెజిమెంటు) ఫస్ట్ లెఫ్టినెంట్ అనే. గెటిస్‌బర్గ్ యుద్ధానికి గాను జులై 3 తేదీతో బ్రెవెట్ మేజర్. 1864 మే 8న రెగ్యులర్ కెప్టెన్. 1865 ఏప్రిల్‌లో వాలంటీర్ మేజర్ జనరల్. 1866 ఫిబ్రవరి 1న వాలంటీర్ సేవ ముగియగానే మళ్లీ కెప్టెనే! దీన్ని శిక్షగా హోదా తగ్గించడం అనుకునేవాళ్లున్నారు. శిక్షేమీ లేదు, వాలంటీర్ గడి ఖాళీ అయింది, అంతే. ఆ ఏడాది జులై 28 తేదీతో 7వ కావల్రీ లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో చనిపోయేనాటికీ అదే హోదా. రెజిమెంటు కల్నల్ శామ్యూల్ స్టర్జిస్ అప్పుడు వేరే డ్యూటీలో ఉన్నాడు.

పట్టికకు ఎముకల గూడు రెండు ముద్రిత గ్రంథాల్లో దొరుకుతుంది. 1903లో వచ్చిన హైట్‌మన్ రిజిస్టర్‌లో రెగ్యులర్ అధికారుల హోదాలు, తేదీలు అక్షర క్రమంలో ఉంటాయి. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ పట్టభద్రులైతే కల్లమ్ రిజిస్టర్ కూడా చూడాలి. అయితే 1861లో రాజీనామా చేసి దక్షిణాది వైపు వెళ్లినవాళ్ల సేవను కల్లమ్ దాదాపు ఒక్క వాక్యంతో తేల్చేశాడు. దక్షిణాది అశ్విక దళ జనరల్ జెబ్ స్టువర్ట్ లాంటివాళ్ల 1861 తర్వాతి చరిత్రకు అమెరికా ప్రభుత్వ రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో 109వ రికార్డ్ గ్రూపు (దక్షిణాది ప్రభుత్వ, సైన్య పత్రాలు) తెరవాలి.

బ్రెవెట్ తేదీలు జాగ్రత్త. 1865 మార్చి 13 అనే తేదీ లెక్కలేనంత మంది పేర్ల పక్కన ఉంటుంది. ఆ రోజు యుద్ధరంగంలో ఏదో జరిగిందని కాదు, తర్వాత ఇచ్చిన గౌరవాలకు ఆ తేదీ వేశారు. 1870 జులైలో వచ్చిన చట్టం అధికారిక ఉత్తర్వుల్లో బ్రెవెట్ హోదాతో సంబోధించడాన్ని ఆపేసింది. ఆ తర్వాతి ఉత్తరాల్లో, పత్రికల్లో కనిపించే ‘జనరల్’ చాలావరకు మర్యాద పిలుపే.

అందరూ పడే గొయ్యి రెజిమెంటు నంబర్లు. 1861 ఆగస్టు 3న అశ్విక దళాలకు కొత్త నంబర్లు ఇచ్చారు. 1వ డ్రగూన్స్ 1వ కావల్రీ అయింది, 2వ డ్రగూన్స్ 2వ కావల్రీ, మౌంటెడ్ రైఫిల్స్ 3వ కావల్రీ. అంతకుముందున్న 1వ కావల్రీ 4వది, 2వ కావల్రీ 5వది అయ్యాయి. ఆ వేసవిలోనే ఏర్పడిన కొత్త దళం 6వది. 7 నుంచి 10 వరకు 1866లో పుట్టాయి. కస్టర్ 1861 జూన్‌లో 2వ కావల్రీలో చేరి, ఆగస్టులో 5వ కావల్రీలో కనిపిస్తాడు. బదిలీ జరగలేదు, దళం పేరు మారింది. తేదీ చూడకుండా ‘2వ కావల్రీ’ అని రాస్తే చదివేవాళ్లు పూర్తిగా వేరే రెజిమెంటుకు వెళ్లిపోతారు. కంపెనీ అక్షరాలు ఏ నుంచి ఎం వరకు ఉంటాయి, మధ్యలో జే ఉండదు. చేతిరాతలో జే అనిపిస్తే అది ఐ అనుకోండి.

ఇక చివరి గడి. నేషనల్ ఆర్కైవ్స్ మైక్రోఫిల్మ్ ఎం 617లో 1800–1916 మధ్య కోటల నెలవారీ రిటర్నులు (సిబ్బంది నివేదికలు), ఎం 744లో 1833–1916 మధ్య కావల్రీ రెజిమెంట్ల రిటర్నులు ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. హాజరైన అధికారుల పేర్లు, లేనివాళ్లు ఎందుకు లేరో (సెలవు, వేరే డ్యూటీ, జబ్బు, అరెస్టు) అందులో రాస్తారు. హాజరు నెలాఖరు నాటిది. 3న వచ్చి 28న వెళ్లిపోయిన మనిషి హాజరు పట్టీలో దొరకడు, రాకపోకల వివరాల్లోనూ ఆ నెల సంఘటనల పేరాలోనూ వెతకాలి. హోదా తేదీని చేరిన తేదీ అనుకోవద్దు. 1866 జులై 28 తేదీతో నియామకాలు పొందినవాళ్లలో చాలామంది నిజంగా దళంలో చేరింది నెలల తర్వాత.

పదోన్నతి ఆగిపోయినట్టు కనిపిస్తే అసమర్థత అని తీర్పు చెప్పకండి. 1890 దాకా కెప్టెన్ వరకు పదోన్నతి సొంత రెజిమెంటులోని సీనియారిటీతోనే వచ్చేది. పైవాడు చనిపోవాలి, రాజీనామా చేయాలి, రిటైరవ్వాలి, లేదా పైకి వెళ్లాలి. ఆ రెజిమెంటు జాబితాలో పైన ఎవరున్నారో చూస్తే కారణం తెలిసిపోతుంది. మేజర్ పదవి నుంచి మొత్తం అశ్విక దళం లెక్క కాబట్టి అక్కడ రెజిమెంటు మారడం మామూలే.

రిటర్నుల్లో పెద్ద ఖాళీ కనిపిస్తే నేషనల్ ఆర్కైవ్స్ 153వ రికార్డ్ గ్రూపులోని కోర్ట్ మార్షల్ (సైనిక న్యాయస్థానం) ఫైళ్లు చూడండి. కస్టర్‌కు 1867లో ఏడాదిపాటు హోదా, జీతం లేకుండా సస్పెన్షన్ పడింది. సిఫార్సులు, దరఖాస్తులు కావాలంటే 1863–70కి మైక్రోఫిల్మ్ ఎం 1064, 1871 నుంచి ఎం 1395.

యుద్ధ నివేదికను మాత్రం ఒంటరిగా వాడొద్దు. 1868 నవంబర్ 27న వాషిటా నది దగ్గర, ఆదివాసులైన షయాన్‌ల నాయకుడు బ్లాక్ కెటిల్ గ్రామంపై దాడిలో 103 మంది యోధులను చంపామని కస్టర్ నివేదించాడు. షయాన్‌ల కథనాల్లో యోధుల సంఖ్య దానికంటే చాలా తక్కువ, చనిపోయినవాళ్లలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. రెండు లెక్కలనూ, ఏది ఎవరు చెప్పారో రాసి, పక్కపక్కనే పెట్టండి. అధికారి సంఖ్యను మాత్రమే నిజంగా రాస్తే అది అతని చరిత్ర కాదు, అతని దరఖాస్తు అవుతుంది.