కొండపిల్లలతో గోపాల్‌పూర్‌లో నాలుగు రోజులు: ఏం చూసుకోవాలి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గజపతి జిల్లా కొండ ఊళ్ల సవర పిల్లల్ని ఏటా సముద్రానికి తీసుకెళ్తాను. మీరూ వెళ్లాలనుకుంటే ముందు నెల చూసుకోండి. అక్టోబర్ వద్దు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ తుపాను మా కొండల్ని అతలాకుతలం చేసింది. డిసెంబర్, జనవరి మంచివి.

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర తీసుకునే ముందు పిల్ల ఎక్కడ పడుకుంటుందో, తోడెవరుంటారో అమ్మానాన్నలకు సవర మాట వచ్చినవాళ్లతో చెప్పించండి.

బస ఒడ్డుకు మరీ ఆనుకుని వద్దు. మొదటి రాత్రి అలల హోరుకు నిద్ర పట్టదు. ఒక ఏడేళ్ల పిల్ల నా చీర కొంగు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, "అమ్మా, ఇది ఎప్పుడు ఆగుతుంది?" అని తెల్లవార్లూ అడుగుతూనే ఉంది. అందుకే అందరికీ ఒకే గదిలో చాపలు వేసి, చిన్న లైటు వెలిగించి ఉంచండి. ఎవరైనా పక్క తడిపితే పొద్దున్నే గుట్టుగా ఉతికేయండి, నలుగురిలో అడగొద్దు.

నీళ్ల దగ్గర మాత్రం రాజీ పడకండి. వెనక్కి లాగే అల బలం పిల్లలకు తెలియదు. వాగులో ఈత కొట్టేవాడినైనా మోకాలి లోతు దాటనివ్వొద్దు. ఇద్దరు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి. తలలు లెక్కపెడితే చాలదు, పేరుపేరునా పిలవండి.

తిరుగు ప్రయాణంలో తలా ఒక చిన్న సీసా ఇవ్వండి. గవ్వలకన్నా సముద్రపు నీళ్లే పట్టుకెళ్తారు, అమ్మకు ఉప్పు రుచి చూపించాలని.