ఐరోపా మీద కాలేజీలో ఉపన్యాసం పెట్టాలంటే

బ్యానర్ మీద "ఐరోపా చరిత్ర, రాజకీయాలు, సంస్కృతి" అని రాయించారంటే సగం పని చెడినట్టే. వక్త గ్రీసులో మొదలుపెడతాడు, గంట గడిచినా నెపోలియన్ దాకా రాడు. ఒక్క ప్రశ్న తీసుకోండి. అది మన నేల మీద నుంచే పుడితే ఇంకా మంచిది.

విజయనగరంలో ఇలాంటిదొకటి చేతికి అందేంత దూరంలోనే ఉంది: ఫ్రెంచివాళ్ల పక్షాన ఉన్న సంస్థానం రెండేళ్లు తిరక్కుండా ఇంగ్లిషువాళ్ల వైపు ఎందుకు వెళ్లింది? 1757 జనవరి 24న బొబ్బిలి కోట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు కూలింది. కొద్దిరోజులకే బుస్సీ పక్షాన ఉన్న విజయనగరం రాజు విజయరామరాజు హతుడయ్యాడు. ఆయన తర్వాత వచ్చిన ఆనందగజపతి ఇంగ్లిషువాళ్లకు కబురంపితే, క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా పోయింది. దీనికి అవతలి సగం ఐరోపాలో ఉంది: 1756లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సాక్సనీ మీద దండెత్తడంతో అక్కడ మొదలైన సప్తవర్ష సంగ్రామం (ఫ్రాన్సు, ఇంగ్లండు చెరో పక్షం), 1763 పారిస్ సంధి. ఒక జాగ్రత్త: బొబ్బిలినే సప్తవర్ష సంగ్రామంలో ఒక ఘట్టంగా పోస్టర్‌లో వేయకండి. బుస్సీ ఇటు వచ్చింది కప్పం వసూలుకు. ఆ సంగ్రామంలో నేరుగా భాగమైనది చందుర్తి.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఎక్కువగా ఉంటే నేటి రాజకీయాలు పెట్టండి. అప్పుడు ఒక్క పేజీ కాగితం ముందే పంచాలి. యూరోపియన్ కౌన్సిల్ అంటే దేశాధినేతలు లేదా ప్రభుత్వాధినేతలు, కౌన్సిల్ ఆఫ్ ది యూరోపియన్ యూనియన్ అంటే మంత్రులు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 46 దేశాల వేరే సంస్థ, 27 దేశాల యూనియన్‌కు చెందినది కాదు. ఈ తేడా తెలియకపోతే ప్రశ్నల సమయమంతా దీనికే సరిపోతుంది.

వక్త ఐరోపా నుంచి ఆన్‌లైన్‌లో మాట్లాడుతుంటే అసలు చిక్కు గడియారంతో. అక్కడ మార్చి చివరి ఆదివారం గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. మన మధ్యాహ్నం 3 గంటలు పారిస్‌లో వేసవిలో 11:30, చలికాలంలో 10:30. సెప్టెంబరులో "మీ 11:30కి" అని ఖాయం చేసి, సభ నవంబరులో పెడితే ఆయన మన 4 గంటలకు వస్తాడు. అప్పటికి ఊళ్లకు వెళ్లే పిల్లలు బస్టాండులో ఉంటారు. అందుకే ఉత్తరంలో భారత కాలమానం, వాళ్ల కాలమానం రెండూ తేదీతో సహా రాయండి. విజయనగరంలో దసరా తర్వాతి సోమ, మంగళవారాలు మాత్రం వదిలేయండి. పైడితల్లి అమ్మవారి తొలేళ్లు, సిరిమానోత్సవం జరుగుతుంటే హాల్లో కుర్చీలే మిగులుతాయి.

ఇన్వర్టరుకు లైట్లు, ఫ్యాన్లే కాదు, రూటర్, యాంప్లిఫైయర్ కూడా కలిపారో లేదో ముందురోజే చూడండి. ల్యాప్‌టాప్ శబ్దాన్ని వైరుతో యాంప్లిఫైయర్‌కే ఇవ్వాలి. వక్త మాట్లాడేటప్పుడు హాలు మైకు ఆపేయాలి, లేకపోతే ఆయన గొంతు ఆయనకే తిరిగి వినిపించి మాట తడబడుతుంది. స్లైడ్లు పీడీఎఫ్‌గా ముందే తెప్పించుకుంటే నెట్ పోయినా ఫోన్‌కాల్ మీద నడిపించవచ్చు.

జ్యోతి ప్రజ్వలన, స్వాగతం కలిపి 10 నిమిషాలు దాటకూడదు. శాలువాలు చివర్లోనే. ఉపన్యాసం 40 నిమిషాలు, తెలుగులో సారాంశం 5, ప్రశ్నలు 20. ప్రశ్నలు చీటీల మీద తెలుగులోనే తీసుకోండి. ఇంగ్లిషులో అడగమంటే ఎప్పుడూ అడిగే ముగ్గురే లేస్తారు, అందులో ఇద్దరు లెక్చరర్లు. చీటీలను ఒకరు వేరుచేసి, ఒకేలాంటివి కలిపి వక్తకు చదివి వినిపించాలి. మిగిలిన చీటీలు పారేయకండి, వచ్చేసారి అంశం వాటిలోనే దొరుకుతుంది.