భూమి దావాలో సమన్లు సక్రమంగా అందాయని రుజువు చేయడం ఎలా

మీరు వేసిన దావాలో ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది హాజరు కానందున ఏకపక్షంగా ఇచ్చినది) వచ్చిన నాలుగేళ్లకు ప్రతివాది దాన్ని రద్దు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేసి "నాకు సమన్లే అందలేదు" అంటే, కోర్టు ముందుగా చూసేది మీ పాసుపుస్తకం కాదు, అమీనా (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) రాసిన రిటర్ను, అంటే సమన్లు ఎలా అందించారో చెప్పే నివేదిక. అది బలహీనంగా ఉంటే దావా మళ్లీ మొదటికొస్తుంది.

అడ్రసు దగ్గరే సగం కేసులు చెడతాయి. పాసుపుస్తకంలోని ఊళ్లో ప్రతివాది ఉండకపోవచ్చు. భాగపంపకాల దావాలో అత్తవారింట ఉన్న ఆడపడుచుకు పుట్టింటి అడ్రసు రాస్తే చిక్కే. ప్రతివాది బతికి ఉన్నాడో లేదో కూడా కనుక్కోండి. దావాకు ముందే చనిపోయిన మనిషి పేరు మీద ఎంత సర్వీసు చేసినా (సమన్లు అందించినా) వృథా.

బత్తా (సమన్లు పంపేందుకు కట్టే రుసుము) కట్టేటప్పుడే ఒక్కో ప్రతివాదికి ఒక్కో ప్లెయింటు (దావా పత్రం) కాపీ ఇవ్వండి. కోర్టు ద్వారానూ పోస్టులోనూ రెండు దారుల్లో పంపమని అడగండి. సమన్లు అందకుండా తిరిగొస్తే 7 రోజుల్లో మళ్లీ సమన్లకు దరఖాస్తు చేయాలి, లేకుంటే ఆ ప్రతివాది మీద దావా కొట్టేయవచ్చు.

ప్రతివాది ఇంట్లో లేక, తగిన సమయంలో వచ్చే సూచనా లేకపోతే, అతనితో ఉంటున్న వయోజన కుటుంబ సభ్యుడికి ఇవ్వవచ్చు. పాలేరు, పనిమనిషి ఆ లెక్కలోకి రారు. వేరుకాపురాలున్న నలుగురు అన్నదమ్ములకు పెద్దన్న ఒక్కడే సంతకం పెడితే మిగిలిన ముగ్గురికీ అందినట్టు కాదు.

అసలు తగాదా అంటింపు దగ్గర వస్తుంది. "ఇంటికి తాళం, తలుపుకు అంటించితిని" అని ఒక్క ముక్క రాసిన రిటర్ను నిలవదు. ఆర్డర్ 5 రూల్ 17 ప్రకారం ప్రతివాది కోసం ఎలా వెతికారో, ఎందుకు అంటించాల్సి వచ్చిందో, ఇల్లు చూపించినవారు ఎవరో, ఎవరి సమక్షంలో అంటించారో పేరు, అడ్రసులతో ఉండాలి. దానికి అమీనా అఫిడవిట్ లేకపోతే రూల్ 19 కింద కోర్టు అతన్ని ప్రమాణం మీద విచారించి, సర్వీసు సక్రమమని ప్రకటించాలి. ఈ రెండు రూల్స్ పాటించనందుకే 2018లో నీర్జా రియల్టర్స్ కేసులో వాదికి వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ సుప్రీంకోర్టులో నిలవలేదు. అందుకే రిటర్ను ఫైలుకు చేరిన రోజే చదవండి. లోపముంటే అమీనా విచారణకు మెమో వేయండి.

పోస్టు కవరు మీద "తీసుకోవడానికి నిరాకరించారు" అని ఉంటే కోర్టు సర్వీసు అయినట్టు ప్రకటించాలి. "ఊరు విడిచి వెళ్లారు" అని ఉంటే మాత్రం అది నిరాకరణ కాదు. సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాక సమన్లు జారీ అయిన 30 రోజుల్లో అక్నాలెడ్జ్‌మెంట్ రాకపోయినా ప్రకటించే వీలుంది. పోస్టు రసీదు పారేయకండి.

పేపర్ ప్రకటన చివరి మెట్టు. ప్రతివాది తప్పించుకుంటున్నాడనో, మామూలు దారిలో సర్వీసు కుదరదనో అఫిడవిట్‌లో చూపాలి. అతను చివరిగా ఉన్న ప్రాంతంలో అమ్ముడయ్యే దినపత్రికలోనే వేయాలి. హైదరాబాద్‌లో ఉంటున్నవాడికి అనంతపురం ఎడిషన్‌లో వేస్తే పని జరగదు. ఇంకో మాట: లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 123 కింద పేపర్ ప్రకటన సక్రమ సర్వీసు లెక్కలోకి రాదు. డిక్రీ రద్దు కోరేందుకు ప్రతివాదికి ఉన్న 30 రోజుల గడువు ఆ డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచే మొదలవుతుంది.

సర్వీసులో చిన్న లోపమున్నా, వాయిదా తేదీ ప్రతివాదికి ముందే తెలిసి, హాజరై జవాబిచ్చేందుకు తగినంత సమయం ఉందని రుజువైతే డిక్రీ నిలుస్తుంది. మధ్యంతర పిటిషన్‌లో వేసిన వకాల్తా, దావా నంబరు ప్రస్తావించి తహసీల్దారుకు ఇచ్చిన అభ్యంతరం ఇందుకు పనికొస్తాయి. వీటికీ, రిటర్నుకూ, పోస్టు కవరుకూ సర్టిఫైడ్ కాపీలు డిక్రీ కాపీతో పాటే తీసి పెట్టుకోండి.