పిస్టల్ రెడ్ డాట్‌కి ఏ రెటికిల్ తీసుకోవాలి?

ఇక్కడ డాలస్‌లో షూటింగ్ రేంజ్‌కి కొత్తగా వచ్చే మన తెలుగువాళ్లు ముందు ఏ కంపెనీ రెడ్ డాట్ సైట్ (పిస్టల్ మీద బిగించి, వెలిగే చుక్కతో గురి చూసే పరికరం) కొనాలని అడుగుతారు. నేనైతే ముందు రెటికిల్, అంటే సైట్ అద్దంలో వెలిగే గురి గుర్తు, తేల్చుకోమంటాను. ట్రిగ్గర్ నొక్కే ప్రతిసారీ కంటికి కనిపించేది అదే కదా.

చుక్క సైజుని ఎంఓఏ (కోణం కొలత)లో చెప్తారు, లెక్క తేలికే. 1 ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం, 25 గజాల దగ్గర పావు అంగుళం. అంటే 25 గజాల్లో 2 ఎంఓఏ చుక్క అర అంగుళమే కప్పుతుంది, 6 ఎంఓఏ చుక్క అంగుళంన్నర కప్పుతుంది. టార్గెట్ పేపర్ మీద గురి చూసి కొట్టాలంటే చిన్నది, గబుక్కున ఎత్తి కాల్చాలంటే పెద్దది.

హోలోసన్ 507సి అనే సైట్‌లో 2 ఎంఓఏ చుక్క, దాని చుట్టూ 32 ఎంఓఏ వలయం ఉంటాయి. ఏదో ఒకటి గానీ రెండూ గానీ పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లకి నేను రెండూ పెట్టమంటాను. పిస్టల్ కాస్త వంకరగా ఎత్తితే చుక్క అద్దంలోంచి మాయమవుతుంది, కానీ అది కొంచెమే తప్పితే వలయం అంచు ఓ మూల కనిపిస్తుంది. మణికట్టు ఎటు సర్దుకోవాలో దాన్నిబట్టే తెలిసిపోతుంది. చెయ్యి కుదిరాక వలయం ఆపేయండి.

చుక్క నక్షత్రంలా చీలినట్టు కనిపిస్తే టెన్షన్ పడి సైట్ వాపసు చేయకండి. మ్యాగజీన్ (తూటాల పెట్టె) తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని చూసుకుని, ఫోన్‌తో ఆ చుక్కని ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే తేడా మీ కంటిలోనే, చాలావరకు ఆస్టిగ్మాటిజమే (కంటి వంపు సమంగా లేకపోవడం). సైట్ వెలుగు తగ్గించి, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూడండి. ఆకుపచ్చ రెటికిల్ కూడా ఒకసారి చూడండి, కొందరికి అదే స్పష్టంగా ఉంటుంది.