పాత జీపుకి గేర్ రాడ్ మార్చాలంటే: ముందు మూత విప్పండి, తర్వాతే కొత్తది కొనండి

మూడు గేర్ల సీజే-3బీ (విల్లీస్ పాత మోడల్) జీపులో గేర్ రాడ్ అరిగిన సంగతి చేతికే తెలిసిపోతుంది. న్యూట్రల్‌లో నిలబడకుండా ఓ పక్కకి వాలుతుంది. టాప్‌లో, అంటే మూడో గేర్లో, పోతుంటే గలగలలాడుతుంది, చెయ్యి పెట్టి పట్టుకుంటే ఆగుతుంది. ఫస్ట్ నుంచి సెకండ్‌కి తోస్తుంటే రివర్స్ పళ్లు కరకరమంటాయి. ఎందుకంటే ఈ బండిలో ఎడమ పక్క ముందుకు రివర్స్, వెనక్కి ఫస్ట్. కుడి పక్క ముందుకు సెకండ్, వెనక్కి టాప్. రాడ్ వదులైతే కుడికి జరిగిందనుకుని తోస్తాం, కింద మొన మాత్రం ఇంకా రివర్స్ ఫోర్కు (లోపలి గేరుని జరిపే కొంకి) గాడిలోనే ఉంటుంది. బాగా ముదిరితే మొన గాడిలోంచి జారిపోతుంది. అప్పుడు రాడ్ ఎటు తిప్పినా ఉత్తినే తిరుగుతుంది, బండి మాత్రం పడిన గేర్లోనే ఇరుక్కుంటుంది.

సెకండ్ గేర్ దానంతటదే ఎగిరి బయటికి వస్తోందంటే మాత్రం అది రాడ్ తప్పు కాకపోవచ్చు. లోపల సింక్రో (గేర్లు కరకరమనకుండా వేగం కలిపే భాగం) అరగడం, రెయిల్‌ని (ఫోర్కుని మోసే కడ్డీని) పట్టి ఉంచే బాల్ స్ప్రింగ్ చచ్చుబడటం లాంటి కారణాలుంటాయి. వాటికి కొత్త రాడ్ వేసి లాభం లేదు.

ఈ బండిది టీ-90 గేర్ బాక్సు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీలో ఉన్నది టీ-84. చూపుకి ఒకేలా అనిపించినా ఆ రాడ్ దీనికనుకుని కొనకండి. తర్వాత వచ్చిన నాలుగు గేర్ల మహీంద్రా బండ్ల రాడ్ కూడా పనికిరాదు. పాత రాడ్ చేతపట్టుకుని షాపుకి వెళ్లి, పక్కపక్కన పెట్టి గుండు (మూతలో కూర్చునే బంతిలాంటి భాగం) సైజు, గుండు నుంచి మొన దాకా పొడవు, మొన మందం చూసుకోండి. పై వంపు కొంచెం తేడా ఉన్నా పర్లేదు, కింది సగంలో మాత్రం తేడా ఉండకూడదు.

కావలసినవి: ఇంచి కొలత స్పానర్లు (అర ఇంచి, 9/16 రెండూ దగ్గర పెట్టుకోండి, మిల్లీమీటర్ స్పానర్‌తో తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది), రెండు బలమైన స్క్రూడ్రైవర్లు, బెంచ్ వైస్, కొత్త సపోర్ట్ స్ప్రింగ్, పై మూత ప్యాకింగ్ (గ్యాస్కెట్), షెల్లాక్ (దానికి పూసే జిగురు), గ్రీజు, డీజిల్, బ్రష్, నూలు రాలని గుడ్డ. కళ్లద్దాలు తప్పనిసరి.

బండిని చదునైన చోట ఆపి, నాలుగు చక్రాలకీ రాళ్లు పెట్టండి. హ్యాండ్ బ్రేక్‌ని నమ్ముకోకండి. దాని డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) వెనక ఉంటుంది. సీలు కారితే ఆయిల్ పడి పట్టు తప్పుతుంది. గేర్ న్యూట్రల్‌లో పెట్టండి.

రాడ్‌కీ, పక్కనున్న రెండు ట్రాన్స్‌ఫర్ లివర్లకీ పైనున్న గుండీలు (నాబ్‌లు) విప్పి, రబ్బరు బూట్లు పైకి లాగి, ఫ్లోర్ ప్లేటు తీసేయండి. ఇప్పుడు అసలైన పని శుభ్రం చేయడం. ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి, జిడ్డు గేర్ బాక్సు పై మూత చుట్టూ గట్టిగా అతుక్కుని ఉంటాయి. డీజిల్, బ్రష్‌తో మూత అంచులు ఇనుము కనబడేదాకా కడిగి తుడవండి. మూత లేపగానే కింద గేర్లన్నీ నోరు తెరుచుకుని ఉంటాయి. అందులో పడ్డ ఇసుక రేణువు నేరుగా బేరింగుల్లోకి పోతుంది.

మూతకున్న ఆరు బోల్టులు విప్పి, నిటారుగా పైకి ఎత్తండి. రాడ్, రెయిళ్లు, ఫోర్కులు అన్నీ మూతతో పాటే వస్తాయి. గేర్ బాక్సు మీద వెంటనే గుడ్డ కప్పేయండి.

మూతని తలకిందులు చేసి వైస్‌లో పట్టించండి. రాడ్ మొన, ఫోర్కు గాడులు, గుండు కూర్చునే గిన్నె ఈ మూడూ చూడాలి. కొత్త మొనకి పక్కలు చదునుగా, అంచులు తేరి ఉంటాయి. అరిగినది వేలితో తడిమితే నున్నగా, సబ్బు బిళ్లలా గుండ్రంగా తగులుతుంది. ఫోర్కు గాడి కూడా నోటి దగ్గర వెడల్పయిందేమో చూడండి. అయి ఉంటే కొత్త రాడ్ వేసినా సగం వదులు అలాగే ఉంటుంది. గుండుకి ఉన్న గాడిలో కూర్చునే పిన్ను రాడ్‌ని తిరక్కుండా ఆపుతుంది. అది అరిగితే రాడ్ తన చుట్టూ తాను తిరుగుతుంది.

రెయిళ్లని మాత్రం బయటికి లాగకండి. వాటి మీద చిన్న స్ప్రింగులు, బాల్స్ ఒత్తిడితో ఉంటాయి, రెండు రెయిళ్ల మధ్య ఇంటర్‌లాక్ ప్లంజర్ (రెండు గేర్లు ఒకేసారి పడకుండా ఆపే చిన్న ముక్క) ఉంటుంది. బాల్ ఒకసారి ఎగిరిందంటే షెడ్డంతా వెతకాలి.

రాడ్ వంపు ఎటు ఉందో మూత మీద సుద్దతో గీత గీసుకోండి. సపోర్ట్ స్ప్రింగ్ కింద నుంచి గుండుని గిన్నెలోకి నెట్టి ఉంచుతుంది. దాని పెద్ద చుట్టు మూత లోపలి మొనల కింద ఇరుక్కుని ఉంటుంది. ఓ పక్క స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా తప్పించండి, పైన గుడ్డ వేసి పట్టుకోండి. స్ప్రింగ్ వచ్చాక రాడ్ కింది వైపు నుంచే బయటికి వస్తుంది. పై నుంచి సుత్తితో కొట్టి లాగబోతే పోత ఇనుము మూత పగులుతుంది.

కొత్త రాడ్ దొరక్కపోతే పాతదాన్నే బాగు చేయించుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇది తెలిసిన పనే. మొన మీద వెల్డింగ్ పోసి, ఆకురాయితో పక్కలు చదునుగా రాయించాలి. కొంచెం కొంచెంగా రాస్తూ, ప్రతిసారీ ఫోర్కు గాడిలో పెట్టి చూడాలి. తేలిగ్గా దిగాలి, పక్కలకి మాత్రం ఊగకూడదు. బిగుతుగా వదిలేస్తే గేర్ మధ్యలో పట్టేస్తుంది. గుండు అరిగితే మాత్రం వెల్డింగ్ జోలికి పోకండి. చేత్తో రాసి అచ్చమైన గుండ్రం తేవడం కష్టం, కొత్త రాడ్డే మంచిది.

బిగించేటప్పుడు గుండుకి, గిన్నెకి గ్రీజు రాసి, గుండు గాడిని పిన్నుకి ఎదురుగా తెచ్చి, రాడ్‌ని కింద నుంచి ఎక్కించండి. సుద్ద గీత చూసుకోండి. స్ప్రింగ్ ఓ అంచుని మూత లోపలి మొన కింద పెట్టి, రెండో వైపుని రెండు స్క్రూడ్రైవర్లతో నొక్కి జరపండి. పాత స్ప్రింగ్ చేత్తో సులువుగా ఎక్కేసిందంటే దానిలో బలం లేదని అర్థం, మార్చేయండి.

మూత పెట్టే ముందు రెండు ఫోర్కులూ న్యూట్రల్‌లో, గాడులు ఎదురెదురుగా ఉండాలి. లోపల ముందున్న సింక్రో స్లీవ్, వెనకున్న ఫస్ట్-రివర్స్ గేర్ కూడా న్యూట్రల్‌లోనే ఉండాలి. పాత ప్యాకింగ్ గీకి, కొత్తదానికి షెల్లాక్ పల్చగా పూసి మూత దించండి. ఫోర్కులు వాటి కాలర్లలో (స్లీవ్, గేరు చుట్టూ ఉన్న గాడుల్లో) దిగితేనే మూత చదునుగా కూర్చుంటుంది. ఓ మూల లేచి ఉంటే బోల్టులు బిగించి కూర్చోబెట్టాలని చూడకండి. ఫోర్కు వంగిపోతుంది. ఎత్తి మళ్లీ పెట్టండి.

బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఇంజిన్ ఆపి ఉండగానే క్లచ్ నొక్కి, మూడు గేర్లూ రివర్సూ వేసి చూడండి. పళ్లు ఎదురుపడి గేరు పడకపోతే రాళ్లు కాస్త జరిపి, బండిని అంగుళం ముందుకి తోసి మళ్లీ ప్రయత్నించండి. చివరగా పక్క ప్లగ్గు తీసి ఆయిల్ మట్టం చూడండి. గేర్ బాక్సుకి పట్టేది సుమారు 1.4 లీటర్లు, 90 గ్రేడు ఆయిల్.