ట్రాక్ డేకి బయల్దేరే ముందు టైర్లు చూసుకోండి

ట్రాక్ డే అంటే మన కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. శ్రీకాకుళం నుంచి దానికోసం నేను వెళ్లేది చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి. అంటే మొదటి ల్యాప్ కంటే ముందే 16వ నంబరు జాతీయ రహదారి మీద టైర్లకి పెద్ద పరీక్ష.

టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. విజయనగరంలో ఒక షాపులో "కొత్తదే సార్" అని నాకు నాలుగేళ్ల నాటి టైరు బిగించారు, ఆ అంకెలు లోపలి వైపు పడ్డాయి, ఇంటికొచ్చి కారు కిందకి టార్చి వేస్తే గానీ తెలీలేదు. అందుకే బిగించకముందే చూడాలి. గాడుల అడుగున చిన్న దిమ్మలుంటాయి, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఇక మార్చేయాల్సిందే.

గాలి చల్లటి టైరులోనే కొలవండి. ట్రాక్‌లో నాలుగు ల్యాప్‌లకే వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది, ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే పిట్‌లోకి రాగానే గేజ్ పెట్టి ఎక్కువైంది తీసేయండి, తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ నింపుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, పాతదైతే వేడికి మరిగి పెడల్ మెత్తబడిపోతుంది. కొత్తది పోయించండి.

డబ్బులుంటే ముందు హెల్మెట్ కొనండి, అల్లాయ్ వీల్స్ తర్వాత. హెల్మెట్లని పరీక్షించే స్నెల్ అనే సంస్థ కారు రేసుల హెల్మెట్లకి ఇచ్చే ఎస్ఏ రేటింగ్ ఉన్నది తీసుకోండి. బైక్ హెల్మెట్‌కి ఉండే ఎమ్ రేటింగ్‌లో మంటల్ని తట్టుకునే పరీక్ష ఉండదు.