పెరటి కోళ్లు – 3వ పాఠం: కోడిపిల్లలకు ఏ వేడి పెట్టాలి?

కిందటి పాఠంలో గది మూలన చోటు సిద్ధం చేసుకున్నాం: చుట్టూ అడుగున్నర ఎత్తున అట్ట, కింద రెండంగుళాల వరిపొట్టు, దాని మీద పేపరు. తల్లికోడి ఉంటే ఈ పాఠంతో పనే లేదు, పిల్లల్ని రెక్కల కిందికి తీసుకుని అదే చూసుకుంటుంది. మనం హేచరీ (గుడ్లు పొదిగించే కేంద్రం) నుంచి తెచ్చే ఒక్కరోజు వనరాజా (పెరట్లో పెంచుకునే కోడి రకం) పిల్లలకు ఆ అదృష్టం లేదు. ఒంటి మీద నూగు తప్ప ఈకలు ఉండవు. మొదటి వారం వాటికి 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్ వేడి కావాలి. ఆ తర్వాత వారానికి 5 ఫారన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గిస్తాం.

ముందుగా ఒక మాట. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. వెలుతురు బాగానే ఇస్తుంది కానీ పిల్లలు దాని కిందే వణుకుతాయి. కావాల్సింది పాతకాలం ఫిలమెంట్ బల్బు. అది తాగే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. ఇంట్లో దీపానికి అది దండగే, మనకు మాత్రం అదే లాభం.

పిల్లకు 2 వాట్లు అని ఫారాల్లో ఒక లెక్క చెబుతారు. ఆ లెక్కన 25 పిల్లలకు 50 వాట్లు చాలాలి. డిసెంబరు రాత్రి చాలదు. అందుకే రెండు 60 వాట్ల బల్బులు పెట్టమంటాను. ఒక్క పెద్ద బల్బు ఎందుకు కాదంటే, నా మొదటి బ్యాచ్‌కి ఒకే 100 వాట్ల బల్బు పెట్టి నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారుజామున అది మాడిపోయింది. పొద్దున చూస్తే పిల్లలన్నీ ఒక మూలన గుట్టగా పడి ఉన్నాయి. అడుగున ఉన్న ఏడు ఊపిరాడక చచ్చిపోయాయి. రెండుంటే ఒకటి పోయినా రెండోది తెల్లారేదాకా లాక్కొస్తుంది.

250 వాట్ల ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు వంద పిల్లలకు మంచిదే. పాతిక పిల్లలున్న చిన్న చోటులో పెడితే ఉడికిపోతాయి. పైగా కింద ఉన్నది ఎండు పొట్టు, బల్బు జారిపడితే అంటుకుంటుంది. ఏ బల్బయినా వైరుతో వేలాడదీయకండి, ఇనుప తీగతో దూలానికి కట్టండి. నీళ్ల గిన్నె అంచున పెట్టండి. కాలుతున్న గాజు మీద చుక్క పడినా పగలొచ్చు.

బొగ్గుల కుంపటి సంగతి అడుగుతారని తెలుసు. మూసిన గదిలో వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పిల్లలకే కాదు, పక్క గదిలో పడుకున్న మనకూ ప్రమాదమే. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రెండు బల్బులు నడుస్తాయి. అదీ లేకపోతే సీసాల్లో వేడినీళ్లు పోసి, పాత తువ్వాలు చుట్టి మధ్యలో పెట్టండి, గంటా గంటన్నర గడుస్తుంది.

బల్బులు చోటుకి ఒక పక్కనే, అడుగు నుంచి అడుగున్నర ఎత్తులో కట్టండి. రెండో పక్క చల్లగా ఉండాలి, వేడెక్కిన పిల్ల అటు పోతుంది. థర్మామీటరును పిల్ల వీపు ఎత్తులో, పొట్టుకి రెండంగుళాల పైన పెట్టండి. అయినా నేను దానికన్నా పిల్లల్నే ఎక్కువ నమ్ముతాను. బల్బు కింద ముద్దగా చేరి గట్టిగా అరుస్తుంటే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది, బల్బు రెండంగుళాలు లేపండి. అన్నీ ఒకే పక్కకి ఒత్తుకుంటే ఎక్కడి నుంచో గాలి కొడుతోంది, ఆ కిటికీ చూడండి. అక్కడక్కడా కాళ్లు చాపుకుని పడుకుంటే మీరూ పోయి పడుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో తెస్తే మన గదులే పగలు పొయ్యిల్లా ఉంటాయి, చాలాసార్లు బల్బు రాత్రికే అవసరం పడుతుంది.

ఈ వారం పని: పిల్లలు రాకముందే ఒక రాత్రంతా బల్బులు వేసి ఉంచండి. పడుకునే ముందు, తెల్లవారుజామున, మధ్యాహ్నం డిగ్రీలు రాసుకోండి. వచ్చే పాఠం నీళ్లు, మేత మీద. ఈలోగా పిల్లలు వచ్చేస్తే, దించిన గంటకి ఒక పిల్లని తీసి దాని కాళ్లు మీ చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే బల్బు ఇంకా కిందికి దించాలి.